94 చూపించేది, 72 చూపించేది: ఏ ప్రాసెసర్ ఎక్కువ వేడి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీ దగ్గర రైజెన్ 5 7600, పెట్టెలో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్. ప్రాసెసర్‌ని పూర్తిగా కష్టపెట్టే సినెబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ పెడితే 94 డిగ్రీలు. మీ ఫ్రెండ్‌ది ఐ5-12400ఎఫ్, అదీ పెట్టెలో వచ్చిన కూలరే, 72 దాటట్లేదు. మీ అన్నయ్య ఆఫీసులో ఐ7-14700కె, 240 ఎంఎం లిక్విడ్ కూలర్ ఉన్నా పది సెకన్లలో 100 కొడుతోంది. వీటిలో ఏది వేడి ప్రాసెసర్, 7600 అమ్మేసి ఇంటెల్‌కి మారాలా, లేకపోతే 360 లిక్విడ్ కూలర్ కొనాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. మీరు గది టెంపరేచర్, వాట్లు కూడా రాయడంతో సగం పని తగ్గింది. చాలామంది ఆ రెండూ రాయరు, వట్టి డిగ్రీలు రాసి ఊరుకుంటారు. వట్టి డిగ్రీలతో పోలిక కుదరదు.

లెక్క చూడండి. ప్రాసెసర్ టెంపరేచర్‌లోంచి గది టెంపరేచర్ తీసేయండి. మిగిలినదాన్ని ప్రాసెసర్ తాగుతున్న వాట్లతో భాగించండి. ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో వస్తుంది.

మీది: 94 లోంచి గది 35 తీస్తే 59. దాన్ని 88 వాట్లతో భాగిస్తే 0.67.
ఫ్రెండ్‌ది: 72 లోంచి ఏసీ గది 24 తీస్తే 48. 75 వాట్లతో భాగిస్తే 0.64.
అన్నయ్యది: 100 లోంచి 25 తీస్తే 75. 250 వాట్లతో భాగిస్తే 0.30.

అంటే మీ కూలరూ, ఫ్రెండ్ కూలరూ దాదాపు ఒకే మోతాదులో పనిచేస్తున్నాయి. 22 డిగ్రీల తేడాలో 11 మీ గది ఖాతాలోది, మరో 8, 9 డిగ్రీలు మీ చిప్ అదనంగా తాగుతున్న 13 వాట్లవి. ఫ్రెండ్ సీపీయూని మోసుకొచ్చి మీ గదిలో పెడితే అదీ 83 చూపిస్తుంది. ఇక అందరికంటే భయపెట్టే అంకె చూపిస్తున్న ఐ7కే అందరికంటే మంచి కూలింగ్ ఉంది. దాని నెత్తిన 250 వాట్లు పెట్టారు కాబట్టి 100 తగిలింది, అంతే.

గది సంగతి మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. యూట్యూబ్‌లో చూసే రివ్యూల్లో ఎక్కువ భాగం 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా సుమారుగా ఒక డిగ్రీ పెరుగుతుంది. అందుకని రివ్యూలో 78 అని చూసి కొన్న చిప్, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 90 చూపిస్తే అది చిప్ తప్పు కాదు, కూలర్ తప్పూ కాదు. గాలితో చల్లబరిచేది ఏదైనా, లిక్విడ్ కూలర్‌తో సహా, గది కంటే చల్లగా చేయలేదు.

ఇప్పుడు హద్దు గురించి. ఒకే అంకె ఒక్కో చిప్‌లో ఒక్కోలా ఎందుకు అర్థమవుతుందంటే, ప్రతి చిప్‌కీ కంపెనీ పెట్టిన గరిష్ఠ టెంపరేచర్ వేరు. దీన్నే టీజేమ్యాక్స్ అంటారు. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో దాదాపు అన్నిటికీ 100. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వరసకు, అంటే 245కె, 265కె, 285కెలకు 105. రైజెన్ 7600, 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివాటికి 95. కానీ అదే వరసలోని 7800ఎక్స్3డికి 89. పాత 5000 వరసలో 5600ఎక్స్‌కి 95, 5800ఎక్స్‌కి 90. కాబట్టి 85 డిగ్రీలు చూపిస్తున్న 7800ఎక్స్3డి హద్దుకి 4 డిగ్రీల దూరంలో ఉంది, అదే 85 చూపిస్తున్న 265కె ఇంకా 20 డిగ్రీల దూరంలో ఉంది. పోల్చాల్సింది ఈ దూరాన్ని. ఇంటెల్ చిప్‌లలోని సెన్సార్ కూడా లోపల కొలిచేది ఈ దూరాన్నే. మనకు కనిపించే డిగ్రీలు టీజేమ్యాక్స్‌లోంచి దాన్ని తీసేసి రాసినవి.

హద్దు తగిలితే చిప్ కాలిపోదు. క్లాక్ (నడిచే వేగం) తగ్గించుకుంటుంది, వోల్టేజ్ తగ్గించుకుంటుంది, ఆ హద్దు దగ్గరే నిలబడుతుంది. అప్పటికీ అదుపు తప్పితే సిస్టమ్ దానంతటదే ఆరిపోతుంది. 2022 సెప్టెంబర్‌లో రైజెన్ 7000 వచ్చినప్పుడు ఏఎండీ బాహాటంగానే చెప్పింది: 95 దగ్గర నిరంతరం నడిచేలానే వీటిని తయారు చేశాం అని. ఆ తరంలో పెద్ద చిప్‌లు కూలర్‌లో ఖాళీ ఎంత ఉంటే అంత వాడేసుకుని క్లాక్ పెంచుకుంటాయి. మంచి కూలర్ పెడితే డిగ్రీలు తగ్గకపోవచ్చు, మెగాహెర్ట్జ్‌లు పెరుగుతాయి. ఇది అర్థం కాక “నాలుగు రెట్లు డబ్బు పెట్టి కూలర్ కొన్నా 95 దిగట్లేదు” అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

మరి 7600 ఆ కోవలోకి వస్తుందా? పూర్తిగా రాదు. చిప్‌కి మూడు పగ్గాలుంటాయి: టెంపరేచర్, కరెంటు, మొత్తం వాట్లు. ఏది ముందు తగిలితే అక్కడ ఆగుతుంది. ఏఎండీ పెట్టె మీద రాసే టీడీపీ (కూలర్ ఎంత వేడి తీయాలో సూచించే వాట్లు) వేరు, సాకెట్‌లోకి నిజంగా వెళ్లనిచ్చే వాట్లు వేరు. రెండోదాన్ని పీపీటీ అంటారు. ఏఎం5లో, అంటే మీ 7600 కూర్చునే సాకెట్‌లో, టీడీపీని 1.35తో గుణిస్తే పీపీటీ వస్తుంది: 65 రాసి ఉంటే 88, 105 ఉంటే 142, 120 ఉంటే 162, 170 ఉంటే 230. మీ 7600కి ముందు తగిలే పగ్గం 88 వాట్లది. ఎండాకాలంలో స్టెల్త్ కూలర్‌తో రెండు పగ్గాలూ పక్కపక్కనే ఉన్నాయి, మీకు 94 కనిపిస్తున్నది అందుకే. 7600ఎక్స్, 7700ఎక్స్‌ల పగ్గం 142 దగ్గరుంటుంది, అందుకే అవి 95ని సులువుగా ముట్టుకుంటాయి.

ఇంటెల్ పద్ధతి వేరు. ఐ5-12400ఎఫ్ మీద 65 అని ఉంటుంది, గరిష్ఠ టర్బో 117. 13600కె, 14600కెలకు 125, 181. 13700కె నుంచి 14900కె దాకా 125, 253. మొదటి అంకెని పీఎల్1, రెండోదాన్ని పీఎల్2 అంటారు. అయితే చాలా బోర్డులు వచ్చినవి వచ్చినట్టే ఈ హద్దుల్ని ఎత్తేసి 4095 వాట్లు అని పెట్టేవి. అదేదో నిజం వాటేజ్ కాదు, “పగ్గం లేదు” అని చెప్పే అంకె. మీ అన్నయ్య ఆఫీసు బోర్డులోనూ ఇదే అయ్యుండాలి. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల మెనూ) వెళ్లి పీఎల్1, పీఎల్2 ఎంతున్నాయో చూడమనండి.

ఇక్కడ కాసేపు ఆగి చిప్ లోపలికి వెళ్లాలి. వాట్లు ఒకటే అయినా వేడి బయటికి వచ్చే దారి ఒకటి కాదు.

రైజెన్ 7600లో కోర్లన్నీ ఒక చిన్న ముక్కలో ఉంటాయి. ఆ ముక్క వైశాల్యం సుమారు 71 చదరపు మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత అనుకోండి. ఇంటెల్ 13900కె డై (సిలికాన్ ముక్క) మొత్తం 257 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకే వేడిని పెద్ద పెనం మీద పరచడానికీ, చిన్న గరిటెలో పోయడానికీ ఉన్న తేడా ఇది. పైగా ఆ చిన్న ముక్క లోహపు మూత మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. పాత ఏఎం4 కూలర్లు సరిపోవాలని ఏఎం5లో ఆ మూతని మందంగా చేశారు. వేడి ఆ మందం దాటి, ఆ మూల నుంచి పాకి, కూలర్ అడుగు చేరాలి. నాక్టువా లాంటివాళ్లు కూలర్‌ని ఒక పక్కకి జరిపి బిగించే బ్రాకెట్లు ఇస్తున్నది ఈ మూలకోసమే. దాంతో ఒకటి నుంచి మూడు డిగ్రీలు కలిసొస్తాయి.

దీనికి చక్కటి రుజువు పాత తరంలోనే ఉంది. 5800ఎక్స్, 5900ఎక్స్ రెండింటికీ పీపీటీ 142 వాట్లే. కానీ 5800ఎక్స్ ఎనిమిది కోర్లూ ఒకే ముక్కలో, 5900ఎక్స్ పన్నెండు కోర్లు రెండు ముక్కల్లో ఉంటాయి. అవే వాట్లు, అదే కూలర్, కానీ 5900ఎక్స్ చల్లగా నడుస్తుంది. “ఎక్కువ కోర్లున్నది ఎక్కువ వేడి” అన్న మాట ఇక్కడ తిరగబడింది.

దీనివల్ల కొనుగోలులో తేలే సంగతి ఒకటుంది. ఒక్క ముక్క రైజెన్‌లో ఇబ్బంది వేడి ఒకచోట పోగుపడటం. వేడి కూలర్ దాకా చేరడమే ఆలస్యం. అందుకని ఒక స్థాయి దాటాక రేడియేటర్ ఎంత పెద్దది పెట్టినా నాలుగైదు డిగ్రీలకు మించి దిగదు. పెద్ద ఇంటెల్ చిప్‌లో ఇబ్బంది మొత్తం వేడి ఎక్కువ కావడం. అక్కడ 360 రేడియేటర్ నిజంగా పనికొస్తుంది. 7600కి 360 కొనడమంటే చిన్న కుళాయి కింద పెద్ద డ్రమ్ము పెట్టడం.

7800ఎక్స్3డి, 9800ఎక్స్3డిల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గేమింగ్‌కి కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది వాటి గురించే. 7800ఎక్స్3డిలో అదనపు క్యాష్‌ని కోర్ల ముక్క పైన పరిచారు. వేడి దాన్ని దాటి రావాలి, ఆ క్యాష్ ఎక్కువ వోల్టేజ్ తట్టుకోదు. అందుకే హద్దు 89, క్లాక్ 5.0 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపేశారు. పెట్టె మీద 120 వాట్లు అని ఉన్నా గేముల్లో దానికంటే చాలా తక్కువే తాగుతుంది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డిలో క్యాష్‌ని కోర్ల కిందికి మార్చారు. కోర్లు మూతకి నేరుగా తగిలాయి, హద్దు 95కి, క్లాక్ 5.2కి పెరిగాయి, ఓవర్‌క్లాకింగ్‌కీ తలుపు తెరిచారు. ఇదంతా వేడి దారి మార్చడంతో వచ్చిన లాభమే.

కొలతలో జరిగే తప్పులు ఇంకో తలనొప్పి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ టెంపరేచర్ ఉండదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకోండి, సెన్సార్స్ ఓన్లీ టిక్ పెట్టి తెరవండి. రైజెన్‌లో టీసీటీఎల్/టీడై అనే వరుస చూడాలి. ఇంటెల్‌లో సీపీయూ ప్యాకేజ్ అన్న వరుస, దాని కింద కోర్ థర్మల్ త్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకుంటోందా) అవును, కాదు అని చూపించే వరుస. బోర్డు పేరు కింద వచ్చే “సీపీయూ” టెంపరేచర్ సాకెట్ దగ్గరి సెన్సార్‌ది కావచ్చు, దాన్ని వదిలేయండి. పాత రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో టీసీటీఎల్ అసలు టెంపరేచర్‌కి 20 డిగ్రీలు కలిపి చూపించేది, ఫ్యాన్ ముందుగా తిరగాలని. సెకండ్ హ్యాండ్‌లో అవి కొన్నవాళ్లు ఇప్పటికీ ఆ అంకె చూసి కంగారు పడతారు.

ఖాళీగా ఉన్నప్పటి టెంపరేచర్‌ని పోల్చకండి. రైజెన్ బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఒక కోర్‌ని గరిష్ఠ క్లాక్‌కి ఎగరేస్తుంది, 45 నుంచి 60కి దూకి మళ్లీ దిగుతుంది. ఆ దూకుడుకి ఫ్యాన్ కుయ్యి కుయ్యిమంటుంటే, బయోస్‌లో ఫ్యాన్ స్టెప్ అప్ టైమ్‌ని 4, 5 సెకన్లకి పెంచండి. కూలర్ మార్చాల్సిన పని లేదు.

పరీక్ష ఇలా చేయండి. క్యాబినెట్ మూసే ఉంచి, సిస్టమ్ పావుగంట ఖాళీగా వదిలేయండి. ముందు ఫ్యాన్ గాలి లాగే చోట థర్మామీటర్ పెట్టండి. గోడకున్న ఏసీ రిమోట్ చూపించే అంకె పనికిరాదు. సినెబెంచ్ ఆర్23 ఆల్ కోర్ పది నిమిషాలు తిప్పండి. చివరి నిమిషంలో నాలుగు అంకెలు రాసుకోండి: టెంపరేచర్, ప్యాకేజ్ పవర్, ఎఫెక్టివ్ క్లాక్, గాలి టెంపరేచర్. ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌లోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్షతో చూసి భయపడకండి, రోజువారీ పనిలో ఏదీ చిప్‌ని అంతగా పిండదు. గేములే ఆడేవాళ్లైతే అరగంట గేమ్ నడిపి చూసినదే అసలు లెక్క. పైగా అప్పుడు గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి కూడా కూలర్‌లోకి వెళ్తుంది, అది సినెబెంచ్‌లో కనపడదు.

ఆ పది నిమిషాల్లో అంకె ఎక్కిన తీరు చాలా చెప్తుంది. మొదలుపెట్టిన కొన్ని సెకన్లలోనే హద్దు తగిలిందంటే, వేడి కూలర్‌కి చేరట్లేదు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకపోవడం, పేస్ట్ ఒక మూల తగలకపోవడం, లిక్విడ్ కూలర్ పంప్ ఆగిపోవడం, వీటిలో ఒకటి అయ్యుంటుంది. లేదా ఆ ఐ7లా వాట్లకు పగ్గం లేకపోవడం. ప్యాకేజ్ పవర్ చూస్తే తేలిపోతుంది. ఐదారు నిమిషాల మీద మెల్లగా ఎక్కుతూ పోతే గాలి చాలట్లేదు: క్యాబినెట్, దుమ్ము, గది. అప్పుడు పక్క తలుపు తీసి మళ్లీ పరీక్షించండి. 5 డిగ్రీలకు పైగా దిగితే క్యాబినెట్‌కి గాలి అందట్లేదు. ముందు గాజు పలక మూసేసి, సన్నటి సందుల్లోంచి గాలి లాగే క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, అంతే. 1, 2 డిగ్రీలే దిగితే క్యాబినెట్‌ని తిట్టకండి, కూలర్‌నే చూడండి.

మూడో రకం ఒకటుంది. టెంపరేచర్ 70 దగ్గరే ఉంటుంది, కానీ క్లాక్ పడిపోతుంది. హెచ్110 కాలం నుంచి హెచ్610, ఏ620 దాకా చాలా చవక బోర్డుల్లో వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే సర్క్యూట్) మీద హీట్‌సింక్ ఉండదు. పెద్ద చిప్ పెడితే ముందు వీఆర్ఎం కాగుతుంది, బోర్డే చిప్ గొంతు నొక్కుతుంది. అలాంటప్పుడు సీపీయూ కూలర్ మార్చినా ప్రయోజనం సున్నా. టవర్ కూలర్ వేస్తే ఇంకా చెడుతుంది కూడా. స్టాక్ కూలర్ గాలి కిందికి, బోర్డు మీదికి కొడుతుంది. టవర్‌ది అడ్డంగా పోతుంది.

బిగింపులో జరిగే పొరపాట్లు. ఇంటెల్ పెట్టె కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పుష్ పిన్నులుంటాయి. ఒక్క పిన్ను సగమే దిగినా ఆ మూల లేస్తుంది. బోర్డుని వెనకనుంచి చూస్తే నాలుగు చోట్లా నల్ల పిన్ను తెల్ల పిన్నుని చీల్చుకుని బయటికి రావాలి. ఇంటెల్ 12, 13, 14వ తరం చిప్‌లు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో ఇంకో లోపం: గొళ్లెం చిప్‌ని మధ్యలో నొక్కి పట్టడంతో పొడవాటి మూత కొద్దిగా వంగుతుంది. థర్మల్‌రైట్, థర్మల్ గ్రిజ్లీ లాంటివాళ్లు అమ్మే కాంటాక్ట్ ఫ్రేమ్ పెడితే పెద్ద చిప్‌లలో కొన్ని డిగ్రీలు దిగుతాయి. 12400కి ఆ ఖర్చు వద్దు.

మీ స్టెల్త్ సంగతి: దానికి నాలుగు స్క్రూలుంటాయి. బోర్డు మీదున్న ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాకే అది కూర్చుంటుంది. ఏఎం5లో వెనక ప్లేటు సాకెట్‌తోపాటే బిగించి ఉంటుంది, ఊడి పడదు. స్క్రూల్ని ఐమూలగా, ఒక్కోటి రెండు చుట్ల చొప్పున తిప్పుతూ పోవాలి. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళ్తే పేస్ట్ అంతా ఒక వైపుకి పారిపోతుంది. పేస్ట్ బఠాణీ గింజంత మధ్యలో, ఇంకో నాలుగు ఆవగింజలంత చుక్కలు మూలల దగ్గర. ఏఎం5 మూత చుట్టూ గాట్లుంటాయి, ఎక్కువ వేస్తే వాటిలో ఇరుక్కుంటుంది. మామూలు పేస్టులు కరెంటుని పారనివ్వవు కాబట్టి నష్టం లేదు, తుడవడమే చిరాకు. ఏఎం4 కూలర్ తీసేవాళ్లు మాత్రం ముందు ఐదు నిమిషాలు సిస్టమ్ నడిపి, ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు నిలువునా లాగితే లివర్ వేసి ఉన్నా చిప్ కూడా పేస్ట్‌తో ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.

లిక్విడ్ కూలర్‌లో పంప్ అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు. లోపలి గాలి బుడగలు పైకి పోతాయి కాబట్టి ఆ ఎత్తున రేడియేటర్ ఉండాలి. పంప్ వైరుని మామూలు ఫ్యాన్ హెడర్‌కి పెట్టి, ఆ హెడర్‌కి సైలెంట్ కర్వ్ వదిలేస్తే పంప్ నీరసంగా తిరుగుతుంది. దాన్ని ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచాలి.

ఇక మందు. మీ 7600కి ముందు పైసా ఖర్చు లేని దారి. బయోస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, అందులో పీబీఓ, అడ్వాన్స్‌డ్. అక్కడ వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌కి ఆల్ కోర్, నెగటివ్, 20. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇదొక్కటే పెడితే టెంపరేచర్ దిగదు. చిప్ వాట్ల పగ్గం దగ్గర నడుస్తోంది కాబట్టి, వోల్టేజ్ తగ్గించి మిగిల్చిన వాట్లని అది క్లాక్ పెంచుకోవడానికి వాడేస్తుంది. మళ్లీ 88 వాట్లే, మళ్లీ 94 డిగ్రీలే, స్కోర్ మాత్రం పెరుగుతుంది. దిగాలంటే పీపీటీని కూడా 75కి తగ్గించాలి. అప్పుడు 75ని 0.67తో గుణించి 35 కలపండి: 85. క్లాక్ ఇప్పుడున్న చోటుకి దగ్గరగానే ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ ఎక్కువైతే గేము మధ్యలోనే కాదు, ఏమీ చేయనప్పుడు కూడా రీస్టార్ట్ కావచ్చు. అలా జరిగితే 20ని 15 చేయండి, 15ని 10 చేయండి.

డబ్బు పెట్టే దారి: 120 ఎంఎం ఫ్యాన్, నాలుగు హీట్‌పైపులున్న ఒంటి టవర్ కూలర్. డీప్‌కూల్ ఏకే400 స్థాయిది ఏదైనా సరే. దానితో మీ లెక్క 0.5 చుట్టూ వస్తుందనుకుంటే 35 గదిలో 79. ఫ్యాన్ మోత కూడా తగ్గుతుంది, అసలు లాభం నా దృష్టిలో అదే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొనేముందు క్యాబినెట్ లోపల 155 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు పడుతుందో లేదో టేపుతో కొలవండి. కూలర్ పెట్టె మీద “220 వాట్లు” అని రాసే అంకెని పట్టించుకోకండి. ఏ గదిలో, ఏ చిప్ మీద, ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది చెప్పని వాట్లు అవి.

అన్నయ్య ఐ7కి: ముందు బయోస్ అప్‌డేట్. ఇది టెంపరేచర్ కంటే ముఖ్యం. 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వోల్టేజ్ అడగడంవల్ల చిప్ లోపలి క్లాక్ సర్క్యూట్ అరిగిపోయి, సిస్టమ్‌లు క్రాష్ అయ్యే సమస్య వచ్చింది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (బయోస్‌తోపాటు వచ్చే చిప్ సవరణలు) ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మైక్రోకోడ్ ఇక మీద అరగకుండా ఆపుతుంది, అప్పటికే అరిగినదాన్ని బాగు చేయలేదు. కారణం లేకుండా గేమ్ మూసుకుపోవడం, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు ఎర్రర్లు రావడం ఉంటే వారంటీకి పంపడమే. ఆ తర్వాత పీఎల్1, పీఎల్2 రెండూ 180 పెట్టమనండి. 180ని 0.30తో గుణిస్తే 54, గది 25 కలిపితే 79. రెండరింగ్‌లో సుమారు పదో వంతు వేగం పోవచ్చు, గేముల్లో తేడా కనిపెట్టడం కష్టం.

డిగ్రీలకంటే వోల్టేజే చిప్‌లని చంపుతుందనడానికి ఏఎండీ పక్కన కూడా ఉదాహరణ ఉంది. 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డి లాంటివి కొన్ని సాకెట్‌లోనే కాలి ఉబ్బాయి. బోర్డులు మెమరీని వేగంగా నడిపే ఎక్స్‌పో ప్రొఫైల్‌తోపాటు, చిప్‌లోని మెమరీ కంట్రోలర్ భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజ్‌ని మరీ పైకి తీసుకెళ్లడం దీనికి మూలం. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకి పరిమితం చేస్తూ బయోస్‌లు ఇప్పించింది. మీ బోర్డు బయోస్ అంతకంటే పాతదైతే ముందు అది మార్చండి.

ఫ్రెండ్ 12400ఎఫ్‌ని ముట్టుకోకండి.

ఒక చిన్న సంగతి, వేసవి కాబట్టి. గదిని వేడెక్కించేది చిప్ చూపించే డిగ్రీలు కాదు, తాగే వాట్లు. 95 దగ్గర 88 వాట్లతో నడిచే మీ 7600 గదిలోకి 88 వాట్లే వదులుతుంది. పెద్ద రేడియేటర్‌తో 70 దగ్గర నిలబెట్టిన 253 వాట్ల 14900కె గదిలోకి 253 వాట్లు వదులుతుంది. చల్లగా కనిపించే ఆ రెండోదానికే మీ ఏసీ ఎక్కువ కష్టపడాలి.

పీపీటీ 75, కర్వ్ ఆప్టిమైజర్ 20తో అదే గదిలో, అదే వేళకి పది నిమిషాల సినెబెంచ్ తిప్పి నాలుగు అంకెలూ పెట్టండి. 85కి అటూ ఇటూ రెండు మూడు డిగ్రీల్లో వస్తే కూలర్ ఇప్పుడే కొనక్కర్లేదు. 75 వాట్ల దగ్గర కూడా 92 చూపిస్తే కూలర్ విప్పి, అడుగున పేస్ట్ పరుచుకున్న తీరుని ఫోటో తీసి పెట్టండి.